పసిబిడ్డకు తగిన ఉయ్యాల

బారసాలకు ముహూర్తము నిశ్చయమైన దినముననే ఇంటిలో ఉయ్యాలను గూర్చిన చర్చ ఆరంభమగును. అమ్మమ్మగారు అటకమీది పాత ఉయ్యాలను దింపింపుమందురు. ఆమె బిడ్డలందఱును అందులో పెరిగినవారే. బిడ్డ తండ్రి అంగడిలో క్రొత్త తొట్టిమంచమును చూచి వచ్చి, దాని వెల చెప్పుటకు కొంచెము సంకోచించును. పట్నమునుండి వచ్చిన పినతల్లి స్ప్రింగు ఉయ్యాలయే మేలనును. బాలింతరాలిని మాత్రము ఎవ్వరును అడుగరు. శ్రోతలు మాకు వ్రాయు ఉత్తరములలో ఈ చర్చ ఏదో యొక రూపమున తఱచుగా కానవచ్చుచున్నది. కావున ఉయ్యాలకు సంబంధించిన వేడుకను, అలంకారమును కొంత ప్రక్కకు పెట్టి, దానిని బిడ్డ నిద్రించు స్థలముగా మాత్రమే ఇచ్చట పరిశీలింపదలచితిమి.

అప్పుడే పుట్టిన శిశువు దినమునకు ఇంచుమించు 16 గంటలు నిద్రించును. ఆ కాలమంతయు దాని మొగమువంక చూచుచు కూర్చుండుట ఏ తల్లికిని సాధ్యము కాదు. ఎవ్వరును చూడని గంటలలో బిడ్డను కాపాడవలసినది పడకయే. శిశువు దేహములో తల దాదాపు నాల్గవ వంతు. తల వెనుక భాగము ఉబ్బెత్తుగా ఉండును. మెడ కండరములకు బలము చాలదు. గాలి పోవు గొట్టము మెత్తనిది. పడక నడుమ పల్లముగా ఉన్నచో గడ్డము ఱొమ్మునకు ఆనుకొని ఆ గొట్టము వంగును. మొగము మెత్తని వస్తువులో కూరుకొనిపోయినచో శిశువు దానిని త్రిప్పుకొనలేదు. పెద్దవారివలె ఉక్కిరిబిక్కిరియై కేకవేయుటయు ఉండదు. చప్పుడు లేకయే ప్రమాదము ముగియును. కనుక పడక గట్టిగా, సమతలముగా ఉండవలెను; దానిలో బిడ్డ తప్ప మఱి యేమియు ఉండరాదు. ఇకముందు మేము చెప్పబోవునదంతయు ఈ మాటకు వివరణమే.

పాశ్చాత్య దేశములలో చాలకాలము శిశువులను బోరగిల పరుండబెట్టుట మంచిదని వైద్యులే చెప్పుచుండిరి. నిద్రలోనే కారణము తెలియక మరణించు శిశువులనుగూర్చి పరిశోధనలు జరిగిన పిదప ఆ అభిప్రాయము తలక్రిందులైనది. బిడ్డలను వెల్లకిల పరుండబెట్టుడని 1991లో బ్రిటనులోను, 1994లో అమెరికాలోను విస్తృతముగా ప్రచారము సాగినది. అమెరికాలో సుమారు పదియేండ్లలో అట్టి మరణములు సగమునకు తగ్గినవి. ఔషధము లేదు, యంత్రము లేదు. పరుండబెట్టు తీరు మాత్రమే మారినది. మన యిండ్లలో పసివారిని వెల్లకిల పరుండబెట్టుట పూర్వమునుండియు ఉన్నదే గనుక ఈ విషయమున మనము క్రొత్తగా నేర్వవలసినది కొద్ది. మన చిక్కు దిండుతో వచ్చినది. తల గుండ్రముగా రావలెనని ఆవాల దిండు పెట్టుదురు. బిడ్డ ఉలికిపడకుండుటకై ఇరుప్రక్కల రెండు చిన్న బాలీసులు చేర్తురు. పెద్దలు ప్రేమతో కుట్టిన ఆ దిండును కాదనుట కోడలికి సులభము కాదని మేమెఱుగుదుము. అయినను నిద్రించునపుడు అది పనికిరాదు. తల ఒకవైపే చదునుకాకుండుటకు ఒకరోజు కుడివైపు, ఒకరోజు ఎడమవైపు తల త్రిప్పి పరుండబెట్టవచ్చును. మెలకువగా ఉన్నపుడు పెద్దల కన్నులయెదుట కొంతసేపు బోరగిల ఉంచవచ్చును.

చౌకయైన ఉయ్యాల యేది యనగా ఎవరైనను చీర ఉయ్యాలయే యందురు. పొలములో కూలిపనికి పోయిన తల్లి చెట్టుకొమ్మకు చీర కట్టి, చీమలకును పురుగులకును అందకుండ బిడ్డను నీడలో ఉంచగలుగుచున్నది. ఆమెకు వేఱు దారి లేదు. మనము ఉపన్యాసములు చెప్పుటయు తగదు. కాని శ్లాబు ఇంటిలో కొండికి చీర కట్టుకొనువారికి వేఱు దారులు కలవు. చీరలో బిడ్డ వీపు విల్లువలె వంగును, గడ్డము ఱొమ్మునకు తగులును, రెండంచులును దగ్గఱకు వచ్చి మొగమును కప్పును. పడక వాలు 10 డిగ్రీలకు మించిన శిశుశయ్యలను అమెరికాలో 2022లో చేసిన చట్టము నిషేధించినది. తల ముందుకు వ్రాలి శ్వాసకు అడ్డమగునన్నదే దానికిని కారణము.

చీర ఉయ్యాలవలన మఱియొక కీడు కలదు. అది పసిబిడ్డకు కాదు, ఆ బిడ్డ అన్నకో అక్కకో సంభవించునది. బడికి పోవు వయస్సు పిల్లలు ఖాళీ చీరలో కూర్చుండి మెలిత్రిప్పుకొని వదలి గిరగిర తిరుగుట ఆటగా చేయుదురు. ఆ మెలిక మెడకు బిగిసి బిడ్డలు మరణించిన ఉదంతములు మన పత్రికలలో పలుమార్లు వచ్చినవి. ఖాళీ ఉయ్యాలను ఊపరాదని మన పెద్దలు చెప్పు మాట యేల పుట్టినదో గాని, ఈ పట్టున దానిని తు.చ. తప్పక పాటింపవచ్చును, ఇంకొక అడుగు ముందుకు వేసి, బిడ్డను తీసిన వెంటనే చీరను విప్పివేయుడు. తప్పనిసరిగా చీరలోనే నిద్రబుచ్చువారు మొగముకడ అంచులు కలియకుండ పైన ఒక గట్టి కఱ్ఱబద్దను అడ్డముగా పెట్టవలెను. బిడ్డ కన్ను మూసినపిదప మెల్లగా ఎత్తి చాపమీద మడత బొంతపై పరుండబెట్టుట ఉత్తమము.

కొయ్య ఉయ్యాలకు బలమంతయు పైనున్న కొండిలో కలదు. బిడ్డ బరువు మూడు కిలోలే కదా యని పాత కొండిని నమ్మరాదు. 25 కిలోల బియ్యపు బస్తాను ఆ ఉయ్యాలలో ఉంచి పావుగంట ఊపి చూడుడు. కొండి కదలినను, సున్నము రాలినను, గొలుసు లంకె తెఱచుకొన్నను ఆ పరీక్ష బిడ్డతో కాక బస్తాతో జరిగినందుకు సంతోషింపవచ్చును. తరువాత మూడు కిలోల మూటను ఉయ్యాలలో ఒక ప్రక్కకు జరిపి ఉంచి చూడుడు. ఉయ్యాల ఆ వైపునకు ఒరిగి నిలిచినచో బిడ్డయు అట్లే జాఱి ప్రక్కపలకకు మొగము ఆనించి ఉండిపోవును. నాలుగు గొలుసులను సరిచేసి సమముగా వ్రేలాడునట్లు చేయవలెను. ఎత్తు మోకాటికి మించకున్నచో చాలును. ఊపుట కూర్చున్నవారికే సుకరము. పడినను దెబ్బ స్వల్పము. స్టాండు ఉయ్యాలలలో కదలిక ఆపుటకు చీల యున్నదో లేదో అడిగి తీసికొనుడు. బిడ్డ నిద్రించినపిదప ఊపు ఆగిపోవలెను.

మన పాత ఉయ్యాలల కోళ్ళమీద చిలుకలు, తామరమొగ్గలు, గుబ్బలు చెక్కియుండును. చూచుటకు అందమైనవే. కాని పసివారి మెడలో గొలుసో, దిష్టికై కట్టిన నల్లత్రాడో ఉండుట మనలో ఆచారము. లేచి నిలుచుటకు యత్నించు బిడ్డ మెడత్రాడు ఆ గుబ్బకు తగులుకొన్నచో కాళ్ళు జాఱిన క్షణముననే ఉరియగును. నిద్రించునపుడు మెడలో ఏమియు ఉంచకుడు. నల్లత్రాడును కాలికి కట్టినను దిష్టి తగులదు. పైన వ్రేలాడగట్టు ఏటికొప్పాక లక్కబొమ్మలు చేతికి అందని యెత్తున ఉండవలెను. బిడ్డ మోచేతులమీద లేచిన దినమున వానిని తీసివేయవలెను.

ఇక కటకటాల తొట్టిమంచము. కంబికిని కంబికిని నడుమ ఎడము 6 సెంటీమీటర్లకు మించరాదు. అమెరికాలో 1973లో చేసిన నిబంధన ఇంచుమించు ఈ కొలతనే విధించినది. బిడ్డ నిద్రలో జరుగుచు కాళ్ళను కంబుల నడుమనుండి బయటకు పెట్టును. ఎడము పెద్దదైనచో నడుము, ఱొమ్ము కూడ జాఱును. వెడల్పైన తల మాత్రము లోపల చిక్కుకొని దేహము వ్రేలాడును. అంగడికి పోవునపుడు పిల్లల బడిస్కేలు ఒకటి సంచిలో వేసికొనిపోవుడు. అది లేనిచో స్త్రీ చేతి నాలుగు వ్రేళ్ళు ప్రక్కప్రక్కన సులువుగా దూరినచో ఎడము మిక్కిలి యని గ్రహింపవచ్చును. పరుపునకును ప్రక్కపలకకును నడుమ రెండు వ్రేళ్ళకు మించి సందు ఉండరాదు. పరుపును వేఱుగా కొనువారు పొరబడుట ఇచ్చటనే. మంచము ఒక కొలత, పరుపు ఇంకొక కొలత; నడుమ సందులో బిడ్డ మొగము ఇఱుకుకొనును. ఆ సందును గుడ్డలు కుక్కి పూడ్చుట పరిష్కారము కాదు.

వాడిన మంచమును కొనుటలో తప్పులేదు. మేమైతే అదియే మంచిదందుము. చేతికి వచ్చిన మంచమును పట్టుకొని గట్టిగా ఊపుడు, కిఱ్ఱుమన్నచో మరమేకులు చూడుడు. ఒక మరమేకు పోయినచోట తీగతో కట్టిన మంచమును తిరిగి పంపివేయుడు. ఒక ప్రక్క క్రిందికి జాఱునట్లు చేసిన మంచములు అమెరికాలో 2011 జూను 28వ తేదీనుండి అమ్మరాదని నిషేధింపబడినవి. జాఱు ప్రక్క కీలు ఊడి వదులై, ఆ సందులో శిశువులు చిక్కుకొనుటయే దానికి హేతువు. ఆ దేశమున నివసించు మన తెలుగు కుటుంబములు స్నేహితుల యిండ్లనుండి పాత మంచములను తెచ్చుకొనునపుడు దీనిని గుర్తుంచుకొనవలెను.

పాత ఉయ్యాల రంగును గూర్చి ఒక మాట. ఇండ్లకు వేయు రంగులలో సీసము పది లక్షల భాగములకు 90 భాగములు మించరాదని భారత ప్రభుత్వము 2016లో నియమము చేసినది. 2017 నవంబరునుండి అది అమలులోనికి వచ్చినది. అంతకుముందు రంగు వేసిన ఉయ్యాలలో సీసము ఎంత యున్నదో కంటితో చెప్పజాలము. పండ్లు వచ్చు బిడ్డ మొదట కొఱుకునది పైకమ్మినే. సీసము మెదడు ఎదుగుదలకు శత్రువు. రంగు పెచ్చులూడుచున్న ఉయ్యాలను గర్భిణీ స్త్రీ యున్న యింటిలో ఉప్పుకాగితముతో రుద్దుట మఱింత చెఱుపు. ఆ ధూళి ఇల్లంతయు వ్యాపించును. అట్టి ఉయ్యాలను జ్ఞాపకార్థము దాచుకొనుడు, బిడ్డను మాత్రము వేయకుడు. రంగు లేని నున్నని టేకు ఉయ్యాల యెంత పాతదైనను ఈ భయము లేదు.

వెలను గూర్చి ఆలోచింతము. అంగళ్ళలో ‘పడక సెట్టు’ అని దిండు, బాలీసులు, మెత్తని ప్రక్కగోడలు, రజాయి కలిపి రంగుకాగితములో చుట్టి అమ్ముదురు. వాటిలో బిడ్డకు అక్కఱయైనది ఒక్కటియు లేదు. ప్రక్కగోడలుగా కట్టు ఆ దూది పట్టీలను సైతము అమెరికా చట్టము 2022లో నిషేధించినది. ఆ సొమ్ముతో గట్టి పరుపు కుట్టించుడు. కొంచెము దూది వేసి వదులుగా కుట్టిన పరుపుకంటె, బాగుగా ఏకిన దూదిని దట్టముగా కూరి దగ్గఱ కుట్లు వేసినది మేలు. అరచేతితో అదిమి తీసినపుడు గుంట నిలువరాదు. రబ్బరు గుడ్డ వేసినచో దానిమీద నూలుగుడ్డను నలువైపుల క్రిందికి బిగించి మడవవలెను. మన వేసవిలో రెగ్జినుమీద నేరుగా పరుండిన బిడ్డ చెమటతో తడిసిపోవును. మితిమీఱిన వేడియు నిద్రలో అపాయమే.

ఉయ్యాల కొనుటకే శక్తి లేనివారు చిన్నబుచ్చుకొననక్కఱలేదు. ఫిన్లండు ప్రభుత్వము 1938లో పేద తల్లులకు శిశువుల బట్టలున్న పెట్టె నొకదానిని ఇచ్చుట ప్రారంభించి, 1949నుండి ఆ పథకమును తల్లులందఱికిని విస్తరించినది. అట్టపెట్టె అడుగున చిన్న పరుపు. ఆ పెట్టెయే ఎందఱో బిడ్డలకు తొలి పడకయైనది. ధనవంతుల యింటి బిడ్డయు అట్టపెట్టెలో నిద్రించెనన్నమాట. న్యూజీలండులోని మావోరీలు నారతో అల్లిన చిన్న బుట్టను తల్లి ప్రక్కన పెట్టి అందులో బిడ్డను పరుండబెట్టుదురు. మన మేదరులు అంతకంటె తక్కువ పనివారు కారు. అడుగు చదునుగా, అంచు జానెడు ఎత్తుగా, ఈనెలు పొడుచుకొని రాకుండ వెదురు తొట్టి నొకదానిని అల్లి యిమ్మని అడిగినచో అల్లి యిత్తురు. దానిని నేలమీద పెట్టవలెనే గాని బిడ్డతో ఎత్తి మోయరాదు.

పడకను తల్లి మంచమునకు చేయి చాచినంత దూరమున ఉంచుట మంచిది. రాత్రి పాలిచ్చుటకు సులువు, బిడ్డ శ్వాస వినవచ్చును. మన దేశమున తల్లియు బిడ్డయు ఒకే పక్కలో పరుండుట సాధారణమే. అయినను వేఱు పడకయే క్షేమమని వైద్యులు చెప్పుచున్నారు. ఆ యింట ఎవరైనను పొగ త్రాగువారైనను, మద్యము సేవించువారైనను, నిద్రమాత్రలు వేసికొనువారైనను బిడ్డను ప్రక్కలో వేసికొనకుండుట అత్యవసరము. బిడ్డ నెత్తుకొని సోఫాలో కునుకు తీయుట అన్నిటికంటె ప్రమాదకరము. దోమతెర తప్పక కట్టుడు, కాని బిగువుగా కట్టుడు. వదులుగా లోపలికి వ్రేలాడు తెర బిడ్డ చేతికి చిక్కును. ఉయ్యాలకు సరిగా పైన ఫ్యాను గాని, పటము పెట్టిన బల్ల గాని, కిటికీ తెర త్రాడు గాని ఉండరాదు.

ఉయ్యాల కాలము స్వల్పము. నాలుగు, అయిదు మాసములలో బిడ్డ బోర్లపడ నేర్చును. చేతులమీద లేవజూచిన దినముననే ఉయ్యాలను విడిచిపెట్టవలెను. తొట్టిమంచములోనైనచో బిడ్డ కూర్చుండుట నేర్చిన వెంటనే పరుపు పలకను అడుగు మెట్టునకు దించుడు. నిలుచున్నపుడు పైకమ్మి ఱొమ్ము మట్టమునకు వచ్చినచో ఆ మంచము పనియు ముగిసినట్లే. విప్పి అటక యెక్కించునపుడు మరమేకులను, చీలలను, కొండ్లను ఒక గుడ్డసంచిలో వేసి, ఆ సంచిని మంచపుకోటికే కట్టి ఉంచుడు. తరువాత దానిని అడిగి తీసికొనిపోవు ఇల్లాలు వెదకుకొనవలసిన పని ఉండదు.