హైడ్రోజన్ బంకుల్లో ఏ స్టీల్ వాడాలి? చలితో అసలు చిక్కు

హైడ్రోజన్ పరమాణువు చాలా చిన్నది. లోహంలోకి చొరబడి, ఒత్తిడి ఎక్కువగా ఉన్నచోట పోగవుతుంది. సాగాల్సిన ఉక్కు అక్కడ పెళుసుబారి పగులుతుంది.

ఎంత చల్లబడితే అంత ప్రమాదమని అనుకుంటాం. కానీ వంటింటి గిన్నెల్లోనూ కనిపించే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌కు ఈ బెడద మైనస్ 50 నుంచి మైనస్ 70 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలోనే ఎక్కువ. చలిలో ఈ స్టీల్ సాగినప్పుడు, వంగినప్పుడు అందులో కొంత భాగం మార్టెన్‌సైట్ అనే గట్టి నిర్మాణంగా మారుతుంది. దాని గుండా హైడ్రోజన్ వేగంగా కదులుతుంది. ద్రవ హైడ్రోజన్ ఉండే మైనస్ 253 డిగ్రీల దగ్గర మాత్రం ఆ కదలిక దాదాపు ఆగిపోతుంది. ముప్పూ తగ్గుతుంది.

మరి బంకుల్లో? 700 బార్ పీడనంతో వేగంగా నింపేటప్పుడు వాహనం ట్యాంకు వేడెక్కుతుంది. అందుకే వాయువును ముందే మైనస్ 40 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. అంటే పైపులు, వాల్వులు గండం అంచునే పనిచేస్తాయన్నమాట.

నికెల్ ఎక్కువగా ఉండే 316ఎల్ రకం అంత తేలిగ్గా మార్టెన్‌సైట్‌గా మారదు. కాకపోతే ఖరీదెక్కువ.

2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల హరిత హైడ్రోజన్ తయారీ భారత్ లక్ష్యం. అనకాపల్లి జిల్లా పూడిమడకలో హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఇలాంటి చోట్ల టెండరులో 'స్టెయిన్‌లెస్ స్టీల్' అని రాస్తే సరిపోదు. ఏ రకం, నికెల్ ఎంత, హైడ్రోజన్‌లో ఏ ఉష్ణోగ్రత దగ్గర పరీక్షించారు అన్నవీ అడగాలి. గది ఉష్ణోగ్రతలో నెగ్గిన పైపు చలిలోనూ నిలుస్తుందన్న హామీ లేదు.