పై పొర వేస్తే సరిపోతుందా? చలి దేశాల్లో కాంక్రీట్ డ్రైవ్‌వే మరమ్మతులో తెలుసుకోవలసినవి

అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనూ కెనడాలోనూ మార్చి, ఏప్రిల్ నెలల్లో మంచు కరగడం మొదలవుతుంది. నెలల తరబడి పేరుకున్న మంచు తొలగిపోగానే ఇళ్ల ముందున్న కాంక్రీట్ బాటల అసలు స్థితి బయటపడుతుంది. ఒకచోట పై పొర పెచ్చులుగా ఊడి కంకర తేలి ఉంటుంది. మరోచోట బీటలు సాగి ఉంటాయి. ఇంకోచోట ఒక పలక పక్కదానికన్నా అంగుళం ఎత్తుకు లేచి, నడిచేవారి కాలికి తగులుతుంది.

వీధి నుంచి గ్యారేజీ వరకు ఉండే ఈ బాటను అక్కడ డ్రైవ్‌వే అంటారు. మిన్నెసోటా, మిషిగన్, ఇల్లినాయ్ రాష్ట్రాల్లోనూ కెనడాలోని ఒంటారియోలోనూ సొంత ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఇది ఏటా ఎదురయ్యే ఖర్చు. స్వదేశం నుంచి పిల్లల దగ్గరకు వెళ్లే వృద్ధులైన తల్లిదండ్రులు కాలు జారే చోటు కూడా చాలాసార్లు ఇదే.

ఇంటి యజమాని ముందు సాధారణంగా రెండు దారులు ఉంటాయి. మొదటిది, పాత కాంక్రీట్ మీద పలుచని కొత్త పొర వేయించడం. దీన్ని రీసర్ఫేసింగ్ అంటారు. రెండవది, పాతదాన్ని పూర్తిగా పగలగొట్టి కొత్తగా పోయించడం. మొదటి దారికి ఖర్చు తక్కువ, పని ఒకటి రెండు రోజుల్లో ముగుస్తుంది. అయితే అడుగున ఉన్న పలక దృఢంగా లేనప్పుడు ఆ పొర ఒకటి రెండు శీతాకాలాలకే లేచిపోతుంది, పెట్టిన డబ్బు వృథా అవుతుంది. అందువల్ల ఏ కంపెనీ సరుకు కొనాలన్న ప్రశ్నకు ముందు తేల్చుకోవలసిన విషయాలు రెండు: నీరు ఎక్కడి నుంచి చేరుతోంది, అడుగు పలక గట్టిగా ఉందా?

చలితో పాటు నీరు చేరితేనే నష్టం

కాంక్రీట్ రాయిలా కనిపించినా దానిలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలు అసంఖ్యాకంగా ఉంటాయి. వాన నీరు, కరిగిన మంచు నీరు వాటిలోకి ఇంకుతాయి. నీరు గడ్డకట్టినప్పుడు దాని ఘనపరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. రంధ్రాలు పొడిగా లేదా సగం ఖాళీగా ఉంటే ఆ పెరుగుదలకు చోటు దొరుకుతుంది. అవి నిండుగా ఉంటే గడ్డకట్టే నీరు మిగిలిన నీటిని బలంగా నెడుతుంది, ఆ ఒత్తిడికి కాంక్రీట్ లోపల సూక్ష్మమైన చీలికలు ఏర్పడతాయి. కరిగిన నీరు ఆ చీలికల్లోకి చేరి మళ్లీ గడ్డకడుతుంది.

నష్టాన్ని నిర్ణయించేది చలి తీవ్రత ఒక్కటే అనుకోవడం పొరపాటు. ఉష్ణోగ్రత సున్నాకు పైకీ కిందికీ ఎన్నిసార్లు ఊగిసలాడిందన్నది అంతకన్నా ముఖ్యం. పగలు ఎండకు కరిగి రాత్రి గడ్డకట్టే రోజులు ఎక్కువగా ఉండే శీతాకాలం ముగింపు, వసంతారంభం కాంక్రీట్‌కు గడ్డుకాలం.

మంచు కరిగించేందుకు చల్లే ఉప్పు ఈ ఒత్తిడిని ఇంకా పెంచుతుంది. ఉప్పు నీరు తక్కువ ఉష్ణోగ్రత వద్ద గడ్డకడుతుంది కాబట్టి ఉపరితలం ఎక్కువకాలం తడిగా ఉంటుంది, రంధ్రాలు మరింతగా నిండుతాయి. ఉప్పు సాంద్రత అధికంగా ఉన్నప్పటికన్నా సుమారు 3 శాతం ఉన్న పలుచని ద్రావణంలోనే పెచ్చులూడడం అత్యధికంగా ఉంటుందని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. రోడ్డు మీది ఉప్పు కారు చక్రాలకు అంటుకుని వచ్చి డ్రైవ్‌వే మీద కారుతుంది కాబట్టి, ఇంటివారు ఉప్పు చల్లకపోయినా ఈ నష్టం జరుగుతుంది.

గాలి బుడగలు ఇచ్చే రక్షణ

ఈ సమస్యకు పరిష్కారం 1930ల్లో దాదాపు యాదృచ్ఛికంగా దొరికింది. న్యూయార్క్ రాష్ట్రంలో కొన్ని కాంక్రీట్ రోడ్లు మిగతావాటికన్నా శీతాకాలాన్ని బాగా తట్టుకున్నాయి. ఆ రోడ్లకు వాడిన సిమెంట్‌ను నూరేటప్పుడు పశువుల కొవ్వు కలిపినట్లు గుర్తించారు. ఆ కొవ్వు వల్ల కాంక్రీట్ కలిపేటప్పుడు కోట్ల సంఖ్యలో సూక్ష్మమైన గాలి బుడగలు ఏర్పడ్డాయి. గడ్డకట్టే నీరు నెట్టిన నీటికి అవి ఖాళీ గదుల్లా ఉపయోగపడ్డాయి. అమెరికా శాస్త్రవేత్త టి.సి. పవర్స్ 1940ల్లో ఈ ప్రక్రియను సిద్ధాంతీకరించారు. బుడగల మధ్య దూరం సుమారు 0.2 మిల్లీమీటర్లకు మించకూడదన్న నేటి ప్రమాణానికి ఆయన కృషే ఆధారం.

నేడు చలి ప్రాంతాల్లో బయట పోసే కాంక్రీట్‌లో గాలి బుడగలు కల్పించే రసాయనాన్ని కలుపుతారు. గాలి పరిమాణం 5 నుంచి 7 శాతం వరకు ఉండేలా, నీటి బరువు సిమెంట్ బరువులో 0.45 వంతు దాటకుండా చూస్తారు. అయినా పనివారి తొందర వల్ల ఈ రక్షణ పోవచ్చు. పైకి తేలిన నీరు ఆరకముందే తాపీతో రుద్దడం, పని సులువవుతుందని ఉపరితలం మీద నీళ్లు చల్లడం, తర్వాత సరిగా తడి పెట్టకపోవడం వల్ల పై పొర బలహీనమై, దానిలోని గాలి బుడగలు నశిస్తాయి. లోపలి కాంక్రీట్ గట్టిగా ఉండి పై పొర మాత్రమే పెచ్చులూడడానికి తరచుగా ఇదే కారణం.

దెబ్బ ఏ రకమో తేల్చుకోవాలి

మరమ్మతుకు ముందు నష్టం ఏ రకానికి చెందుతుందో గుర్తించాలి. స్థూలంగా ఇవి మూడు.

ఒకటి, ఉపరితలం పెచ్చులూడడం. పలక గట్టిగా ఉండి, పైన కొన్ని మిల్లీమీటర్ల మేర మాత్రమే మాలు ఊడిపోతుంది. రీసర్ఫేసింగ్ ఉద్దేశించినది ఈ రకానికే.

రెండు, పగుళ్లు. వెంట్రుకంత సన్నగా ఉండి ఏళ్ల తరబడి మారని పగులు వేరు, ఎండాకాలం మూసుకుని చలికాలం తెరుచుకునే పగులు వేరు. కదిలే పగులులో గట్టి సిమెంట్ నింపితే దాని పక్కనే కొత్త పగులు పుడుతుంది. అలాంటి చోట పగులును శుభ్రం చేసి, లోపల నురుగు తాడు పెట్టి, పైన సాగే గుణమున్న పాలీయురేథేన్ సీలెంట్ నింపుతారు. పగులు మీదుగా పలుచని పొర వేస్తే అది మళ్లీ పైకి కనిపించడం ఖాయం.

మూడు, పలక కుంగడం లేదా లేవడం. ఇది అడుగు నేలకు సంబంధించిన సమస్య. పై పొర దీన్ని ఏ విధంగానూ సరిచేయదు.

గట్టిదనాన్ని పరీక్షించే పద్ధతి సులభమైనదే. సుత్తితో పలకను అడుగడుగునా తట్టినప్పుడు ఖణేల్‌మని మోగితే అక్కడ కాంక్రీట్ గట్టిగా ఉంది. డొల్ల శబ్దం వస్తే లోపల పొర విడిపోయింది. డొల్లగా మోగే చోట్లను సుద్దతో గుర్తించి చూసుకుంటే నష్టం ఎంత మేర ఉందో తెలుస్తుంది. అవి అక్కడక్కడా ఉంటే ఆ భాగాన్ని తొలగించి పూడ్చవచ్చు. పలకలో చాలా భాగం డొల్లగా ఉంటే, లేదా పగుళ్ల వల్ల ముక్కలు విడివిడిగా కదులుతుంటే, పగలగొట్టి కొత్తగా పోయించడమే చివరికి చౌక.

నేల ఎందుకు లేస్తుంది?

పలక లేవడానికి నేలలోని నీరు 9 శాతం వ్యాకోచించడం ఒక్కటే కారణమని చాలాకాలం భావించారు. అమెరికా భూగర్భ శాస్త్రవేత్త స్టీఫెన్ టేబర్ 1930 ప్రాంతంలో చేసిన ప్రయోగాలు ఈ అభిప్రాయాన్ని మార్చాయి. గడ్డకట్టినప్పుడు కుంచించుకుపోయే బెంజీన్‌తో మట్టిని తడిపినా ఆ మట్టి పైకి లేచింది. గడ్డకట్టే చోటికి కింది నుంచి ద్రవం నిరంతరం పీల్చుకోబడి, అడ్డంగా మంచు పొరలు పెరుగుతాయని, నేలను లేపేవి ఆ పొరలేనని దీంతో స్పష్టమైంది. సన్నని ఒండ్రు మట్టిలో ఈ పీల్పు ఎక్కువ. ముతక కంకరలో చాలా తక్కువ.

మిన్నెసోటా నిర్మాణ నిబంధనల ప్రకారం ఇళ్ల పునాదులు దక్షిణ భాగంలో 42 అంగుళాలు, ఉత్తర భాగంలో 60 అంగుళాల లోతున ఉండాలి. చలి నేలలోకి అంత లోతుకు దిగుతుందని దీన్నిబట్టి తెలుస్తుంది. నేల మీద ఆనుకుని ఉండే నాలుగు అంగుళాల డ్రైవ్‌వే పలకకు అలాంటి రక్షణ లేదు. అందువల్ల పలక కింద గట్టిగా దిమ్మిస కొట్టిన కంకర పరుపు ఉండాలి, పైకప్పు నుంచి దిగే వాన నీటి గొట్టాలు డ్రైవ్‌వే అంచున కుమ్మరించకూడదు, పలక మీద మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాలు ఉండాలి. నీటి దారి మార్చకుండా చేసే మరమ్మతు ఎక్కువకాలం నిలవదు. కుంగిన పలక పగలకుండా ఉంటే, దానికి రంధ్రాలు చేసి కిందికి పలుచని మాలు గానీ పాలీయురేథేన్ నురుగు గానీ ఎక్కించి పైకి లేపే పద్ధతి అందుబాటులో ఉంది.

పొర వేసే క్రమం

పలక గట్టిదని తేలిన తర్వాత పనిలో అత్యధిక సమయం శుభ్రతకే కేటాయించాలి. వదులుగా ఉన్న పెచ్చులను ఉలితో తొలగించి, నూనె మరకలను తగిన ద్రావణంతో కడిగి, అధిక పీడన నీటితో శుభ్రం చేయాలి. తర్వాత కొద్దిగా నీళ్లు చిలకరించి చూడాలి. నీళ్లు ఇంకకుండా ముత్యాల్లా నిలిస్తే అక్కడ పాత సీలర్ గానీ నూనె గానీ ఇంకా ఉందని అర్థం. దాన్ని తొలగించకపోతే కొత్త పొర పట్టుకోదు.

లోతైన గుంటలను ముందుగా పూడ్చి గట్టిపడనివ్వాలి. సిమెంట్ ఆధారిత రీసర్ఫేసింగ్ మిశ్రమాల్లో పట్టు పెంచే పాలిమర్ ఉంటుంది. వాటిని వేసే ముందు పాత కాంక్రీట్ లోపల తడిగా, పైన నీరు నిలవకుండా ఉండాలి. పొడి కాంక్రీట్ మిశ్రమంలోని నీటిని లాగేసుకుంటుంది. నిలిచిన నీరు పట్టును చెడగొడుతుంది. సంచి మీద సూచించిన కొలతకు మించి ఒక్క గ్లాసు నీరు కూడా కలపకూడదు. పాత పలకల మధ్య ఉన్న జాయింట్లను కొత్త పొరతో మూసివేయరాదు, అదే చోట తిరిగి తెరిచి ఉంచాలి. పొర ఆరకముందే చీపురుతో ఒకే దిశలో గీతలు లాగితే మంచు కాలంలో కాలు జారదు.

ఈ పనికి వాతావరణం అనుకూలించాలి. చాలామంది తయారీదారులు గాలి, కాంక్రీట్ ఉష్ణోగ్రతలు రెండూ 10 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదని సూచిస్తారు. పగటి ఎండను చూసి పని మొదలుపెడితే చాలదు, తర్వాతి రాత్రుల కనిష్ఠ ఉష్ణోగ్రత కూడా చూసుకోవాలి. గట్టిపడకముందే గడ్డకట్టిన పొర తిరిగి బలం పుంజుకోదు. కాబట్టి ఉత్తర రాష్ట్రాల్లో వసంతం చివరి నుంచి శరదృతువు ఆరంభం వరకు అనువైన కాలం. తొలి మంచుకు ముందు హడావుడిగా వేయించే పొర తరచుగా నష్టమే మిగులుస్తుంది.

తర్వాతి జాగ్రత్తలు

కొత్త పొర లేదా కొత్త పలక మీద మొదటి శీతాకాలం ఉప్పు చల్లకపోవడం మంచిది. జారకుండా ఇసుక చల్లవచ్చు. మామూలు ఉప్పు సుమారు మైనస్ 9 డిగ్రీలకు దిగువన ఎలాగూ సరిగా పనిచేయదు. అమ్మోనియం నైట్రేట్, అమ్మోనియం సల్ఫేట్ ఉన్న ఎరువులను మంచు కరిగించేందుకు ఎన్నడూ వాడకూడదు, అవి కాంక్రీట్‌ను రసాయనికంగా తినేస్తాయి. కాంక్రీట్ బాగా గట్టిపడిన తర్వాత సైలేన్, సైలోక్సేన్ రకం సీలర్ వేయిస్తే బయటి నీరు లోపలికి ఇంకదు, లోపలి ఆవిరి బయటకు పోతుంది.

భారతదేశంలో లద్దాఖ్, హిమాచల్‌ప్రదేశ్‌లోని లాహౌల్-స్పితి, కశ్మీర్ లోయ వంటి ప్రాంతాల్లో ఇదే సూత్రం వర్తిస్తుంది. తడిలో గడ్డకట్టి కరిగే పరిస్థితులున్న చోట, ఎం50 కన్నా తక్కువ శ్రేణి కాంక్రీట్‌లో 20 మిల్లీమీటర్ల కంకరకు సుమారు 5 శాతం గాలి ఉండాలని ఐఎస్ 456:2000 ప్రమాణం చెబుతుంది. ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు దిగినప్పుడు కాంక్రీట్ పనిలో పాటించవలసిన నియమాలను ఐఎస్ 7861 రెండవ భాగం వివరిస్తుంది. ఆంధ్ర తీరంలో కాంక్రీట్‌కు మంచు బెడద లేదు. అక్కడ సముద్రపు ఉప్పు లోపలి ఇనుప చువ్వలను తుప్పు పట్టించి పెచ్చులు ఊడగొడుతుంది. రెండుచోట్లా ఉప్పును లోపలికి చేర్చేది నీరే.

డ్రైవ్‌వే మరమ్మతుకు గుత్తేదారును పిలిచే కుటుంబం ధర అడిగే ముందు మూడు ప్రశ్నలు అడగడం మేలు. పలకను తట్టి చూశారా? నీరు ఎటు పోతుందో గమనించారా? పొర వేసిన తర్వాత రాత్రుల్లో ఎంత చలి ఉండబోతోంది? వీటికి స్పష్టమైన సమాధానం దొరికేవరకు పాత పలకను అలాగే ఉంచి, కాలికి తగిలే అంచులను మాత్రం అరగదీయించడం లేదా తాత్కాలికంగా పూడ్పించడం వివేకవంతమైన నిర్ణయం.