అందమైన గవ్వ – విషపు ముల్లు

సెలవుల్లో సముద్రానికి వెళితే మీరు మొదట చేసే పని గవ్వలు ఏరడమే కదూ! పెద్దవాళ్లమైనా మాకూ ఆ సరదా తీరలేదు. కాని ఒక గవ్వ జోలికి మాత్రం వెళ్లకూడదు. అదే శంకు నత్త.

లెక్కల పుస్తకంలో శంకువు బొమ్మ చూశారుగా, ఈ నత్త పెంకు అలాగే ఉంటుంది. దానిపై మచ్చలు, గీతలు ముగ్గు వేసినట్టు ముచ్చటగా కనిపిస్తాయి. వీటిలో 700కు పైగా రకాలున్నాయి. మన దేశంలో అండమాన్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖల్లో ఇవి కనిపిస్తాయి.

నత్త నడకతో వేట ఎలా?

చాలా రకాలు సముద్రపు పురుగులను తింటాయి. కొన్ని చేపలను పడతాయి. నత్త నోటి నుండి తొండంలాంటి గొట్టం బయటికి వస్తుంది. దాని చివర ఒక పన్ను. మేము వాడే ఇంజక్షన్ సూదిలా అది లోపల బోలుగా ఉంటుంది. చేప దగ్గరికి రాగానే చటుక్కున గుచ్చి విషం ఎక్కిస్తుంది. చేప కదలలేక పోతుంది. నత్త దాన్ని అలాగే మింగేస్తుంది.

మనిషికి అన్నిటికన్నా ప్రమాదకరమైనది జాగ్రఫీ కోన్ అనే రకం. అది కుట్టినప్పుడు ఒక్కోసారి నొప్పి కూడా అంతగా తెలియదు. తరువాత తిమ్మిరి, చూపు రెండుగా కనబడడం, మాట తడబడడం, చివరికి ఊపిరి అందకపోవడం జరుగుతాయి.

కుడితే ఏం చేయాలి?

1. నడిపించకుండా పడుకోబెట్టాలి.
2. కుట్టిన చేతికి లేక కాలికి వెడల్పాటి క్రేప్ బ్యాండేజి చుట్టి, బద్ద కట్టి కదలకుండా ఉంచాలి.
3. గాయాన్ని కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడు బిగించకూడదు.
4. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఊపిరి ఆగితే, తెలిసినవారు నోటితో ఊపిరి అందిస్తూ ఉండాలి.

పాముకాటుకు ఉన్నట్టు దీనికి విరుగుడు మందు లేదు. అయినా విషం ప్రభావం తగ్గేవరకు ఆసుపత్రిలో కృత్రిమ శ్వాస ఇస్తే ప్రాణం దక్కుతుంది. అందుకే, తిడతారని భయపడి దాచిపెట్టకండి. ఏది కుట్టినా, నొప్పి లేకపోయినా వెంటనే పెద్దవాళ్లకు చెప్పండి. మీరు దాచిన ప్రతి నిమిషం మాకు చికిత్స చేసే సమయం తగ్గిపోతుంది.

ఇంకో వింత వినండి! శంకు నత్తల్లోనే ఒక రకం విషంలోని పదార్థాన్ని చూసి శాస్త్రజ్ఞులు జికోనొటైడ్ అనే మందు తయారుచేశారు. తీవ్రమైన, తగ్గని నొప్పితో బాధపడేవారికి వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి దీన్ని ఎక్కిస్తారు. అమెరికాలో 2004లో దీనికి అనుమతి లభించింది.

దేవుని సృష్టిలో పనికిరానిదంటూ లేదు. శంకు నత్తను కళ్లతో చూసి ఆనందించండి. చేత్తో మాత్రం ముట్టకండి. ఖాళీ గవ్వే అనిపించినా, లోపల నత్త ఉందో లేదో పైకి తెలియదు సుమా!