పెన్న ఇసుకలో ముళ్లగడ్డి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల ఇసుక నేలల్లో వానలతో పాటు మొలిచే ముళ్లగడ్డికి వృక్షశాస్త్రంలో సెంక్రస్ బైఫ్లోరస్ అని పేరు. ఇది సజ్జకు దగ్గరి బంధువు. ఏటా మొలిచి, గింజ పట్టి, ఎండిపోతుంది. నేల సారాన్ని బట్టి జానెడు ఎత్తులోనే కంకి వేయగలదు, మోకాలు దాటి పెరగగలదు. కంకి నిండా ముళ్లకాయలుంటాయి. పంచెకు, చీర అంచుకు, గొర్రె కాళ్లకు అంటుకునేవి అవే. పల్లేరుకాయతో దీన్ని కలపకూడదు. పల్లేరు నేల మీద పాకి పసుపు పూలు పూసే మొక్క, అది గడ్డి జాతి కాదు.

గండికోట లోయ దాటి, మైలవరం జలాశయంలో నిలిచి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా సాగే పెన్న ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక మేటలుగానే కనిపిస్తుంది. పులివెందుల వైపు వేంపల్లె దగ్గర పాపాగ్నిదీ అదే తీరు. ఈ ఊళ్లున్న కడప జిల్లాలో సగటు వర్షపాతం 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, పడమటి మండలాల్లో అంతకన్నా తక్కువ. ఇసుక నీటిని నిలుపుకోదు కాబట్టి పదును ఉన్న కొద్ది రోజుల్లోనే మొక్క తన పని ముగించుకోవాలి. ముళ్లగడ్డికి ఆ వేగం ఉంది. సజ్జ, జొన్నల్లాగే ఇదీ సీ4 అనే కిరణజన్య సంయోగ పద్ధతిలో ఆహారం తయారు చేసుకుంటుంది. అందువల్ల మండే ఎండలో, తక్కువ నీటితో పెరగగలదు. బరువైన నల్లరేగడి దీనికి అంతగా నచ్చదు.

ముళ్లకాయ నిర్మాణం

కాయ అని పిలుస్తున్నా ఇది నిజానికి కాయ కాదు. గింజ పట్టని సన్నని కొమ్మలే గట్టిపడి ముళ్లుగా మారి, అడుగుభాగంలో ఒకదానితో ఒకటి అతుక్కుని చిన్న దొన్నెలా ఏర్పడతాయి. ఆ తొడుగు లోపల ఒకటి నుంచి మూడు చిరుకంకులు ఉంటాయి. అందులోనే గింజ పండుతుంది. మొత్తం పొడవు సెంటీమీటరు లోపే.

దీని అసలు బలం ముల్లు మొన కన్నా ముల్లు పక్కల ఉంది. భూతద్దంలో చూస్తే ప్రతి ముల్లు మీద కంటికి ఆనని నూగు కనిపిస్తుంది. ఆ నూగు మొన వైపు కాకుండా మొదలు వైపు వంగి ఉంటుంది. అందుకే ముల్లు చర్మంలోకి సులువుగా దిగుతుంది, లాగితే మాత్రం పట్టుకుంటుంది. ఒక్కోసారి విరిగి లోపలే ఉండిపోతుంది. ఇదే ప్రజాతిలో పశువుల మేతగా పేరున్న అంజన్ గడ్డి ముళ్లకు ఈ వెనుదిరిగిన నూగు లేదు, వాటి తొడుగు మెత్తగా ఉంటుంది. రెండు గడ్డిజాతుల మధ్య రైతుకు తెలిసే ముఖ్యమైన తేడా ఆ నూగు దిశలో, తొడుగు గట్టిదనంలో ఉంది.

పండిన కాయ కంకి నుంచి తేలిగ్గా ఊడిపోతుంది. గొర్రెల మంద, కుక్క, మనిషి, ట్రాక్టరు టైరు, వరద నీరు, ఏది దొరికితే దానితో ప్రయాణిస్తుంది. చేరిన చోట ముల్లు మరో పని చేస్తుంది. గాలికి కదిలే ఇసుకలో కాయను ఒకచోట నిలిపి ఉంచుతుంది, మొలక అక్కడే వేరు తన్నుకుంటుంది. లేత మొక్కను జాగ్రత్తగా పెకిలించి చూస్తే వేళ్ల మొదట్లో పాత ముళ్లకాయ ఇంకా తగులుకునే ఉంటుంది. గడ్డిని చిన్నప్పుడే గుర్తుపట్టడానికి ఇంతకన్నా నమ్మకమైన ఆనవాలు లేదు.

ఉత్తర అమెరికాలోని దీని బంధువు సెంక్రస్ లాంగిస్పైనస్‌లో మరో ఏర్పాటు ఉంది. ఒకే కాయలోని గింజల్లో ఒకటి ముందు మొలుస్తుంది, రెండోది నిద్రావస్థలో ఆగుతుంది. మొదటి మొలక ఎండకు చచ్చినా వంశం మిగులుతుంది. నమ్మలేని వానల మీద బతికే మొక్కకు ఇది గొప్ప తెలివి.

ఎడారి అంచున ఒక యాత్రికుడు

ఆఫ్రికాలోనూ పెరిగే ఈ గడ్డి గురించి సజీవంగా రాసిన మనిషి జర్మన్ యాత్రికుడు హైన్‌రిచ్ బార్త్. 1850లో ట్రిపోలీ నుంచి బయలుదేరి సహారా దాటి, నేటి నైజర్ దేశంలోని దామెర్గు వైపు దిగుతుండగా అతనికి ఈ ముళ్లకాయలు ఎదురయ్యాయి. 1857–58లో అయిదు సంపుటాలుగా వెలువడిన అతని యాత్రా గ్రంథంలో ఇది కరెంగియా పేరుతో కనిపిస్తుంది. మధ్య ఆఫ్రికాలో ప్రయాణికుణ్ని నిత్యం బాధించేవి చీమలూ, ఈ గడ్డీ అని అతను రాశాడు. వేళ్లలో దిగిన ముళ్లను తీసుకోవడానికి చిమటా లేకుండా అక్కడ ఎవరూ బయటికి రారని కూడా గమనించాడు.

అంతటితో ఆగి ఉంటే అది మామూలు ఫిర్యాదే. బార్త్ ఆగలేదు. ఆ గింజ పశువులకే కాదు, మనుషులకూ పుష్టినిచ్చే తిండి అనీ, బోర్ను నుంచి టింబక్టు దాకా సహారా సంచారులైన టువారెగ్ జనం చాలామంది దాని మీద ఆధారపడతారనీ నమోదు చేశాడు. దానితో చేసే చల్లని పానీయాన్ని తాగి, బాగానే ఉందన్నాడు. తనను గుచ్చిన మొక్కకు కూడా న్యాయం చేసిన ఈ పేజీలు ఎంతో విలువైనవి. సహారా దక్షిణపు హద్దును గుర్తించేటప్పుడు ఫ్రెంచి భూగోళవేత్త రోబేర్ కాపో-రే ఈ గడ్డినే ఆనవాలుగా తీసుకున్నాడు. ఇది మొదలైన చోట ఎడారి ముగిసినట్టు లెక్క.

భారతదేశంలోనూ ఈ గింజకు తిండిగా చరిత్ర ఉంది. రాజస్థాన్‌లో దీన్ని భురుట్ అంటారు. మార్వాడ్ కరువు ఆహారాల గురించి వృక్షశాస్త్రవేత్త జార్జ్ కింగ్ 1869లో రాసిన వివరాల్లో ఇదీ ఉంది. కాయలను దంచి, ముళ్లు పోయేలా చెరిగి, గింజను సజ్జపిండితో కలిపి రొట్టెలు చేసుకునేవారు. 1876–78 కరువును చూసిన రాయలసీమ ఈ గింజను మరికాస్త గౌరవంగా చూడవచ్చు.

గ్రంథాల్లో

లిన్నేయస్ 1753లో సెంక్రస్ ప్రజాతిని స్థాపించాడు. 1781 నుంచి సామర్లకోటలో తోట పెంచి, 1793లో కలకత్తాకు వెళ్లిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ ఈ జాతికి పేరు పెట్టాడు. అతను 1815లో మరణించాక, 1820లో సీరాంపూర్‌లో విలియం కేరీ, నథానియేల్ వాలిచ్ అచ్చు వేయించిన ఫ్లోరా ఇండికా మొదటి సంపుటంలో అది వెలువడింది. ఆ తర్వాత ఈ ప్రాంతపు మొక్కల గురించి మరికొన్ని పుస్తకాలు వచ్చాయి. మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం 1921లో కె. రంగాచారి రాసిన దక్షిణ భారత గడ్డిజాతుల పుస్తకాన్ని తెచ్చింది. వృక్షశాస్త్రవేత్త గాంబుల్ మొదలుపెట్టిన మద్రాసు రాజధాని వృక్షజాలాన్ని ఫిషర్ 1936లో పూర్తి చేశాడు.

చేనులో, మందలో

కంకి వేయక ముందు ఇది మంచి మేత. లేత ఆకును గొర్రెలు, మేకలు ఇష్టంగా తింటాయి. ముళ్లు గట్టిపడ్డాక నోట్లో, పెదవుల మీద పుండ్లు చేస్తాయి. కాయలు రాలిపోయిన తర్వాత మిగిలే ఎండుగడ్డి మళ్లీ మేతకు పనికొస్తుంది. ఉన్ని గొర్రెలకు బెడద ఎక్కువ. బొచ్చులో ముళ్లు చిక్కితే ఉన్ని విలువ పడిపోతుంది. ఒంటి మీద ఉన్ని లేని నెల్లూరు జుడిపి గొర్రెకు ఆ నష్టం లేదు.

వేరుశనగ చేలో దీన్ని వదిలేస్తే కూలీల చేతులకే మొదటి దెబ్బ. కాయలు పచ్చిగా ఉండగానే పెరకాలి. పండిన మొక్కను గట్టు మీద పారేస్తే గింజలు అక్కడే మొలుస్తాయి, కాబట్టి కుప్ప వేసి కాల్చడమే మేలు. విత్తిన వెంటనే పిచికారీ చేసే పెండిమిథాలిన్ ఇలాంటి ఏకవార్షిక గడ్డి మొలకలను అణుస్తుంది, మొలిచి పెరిగిన గడ్డిపై పనిచేయదు.

సజ్జకు కొత్త ఇంటిపేరు

సజ్జను చాలాకాలం పెన్నిసీటమ్ ప్రజాతిలో ఉంచారు. 2010లో జన్యు ఆధారాలతో ఆ ప్రజాతి మొత్తాన్ని సెంక్రస్‌లో కలిపారు. దాంతో సజ్జ ఇప్పుడు సెంక్రస్ అమెరికానస్. చేలో విత్తే పంట, గట్టున పీకేసే ముళ్లగడ్డి ఒకే ప్రజాతి మొక్కలయ్యాయి.

పోలికగల మరో గడ్డి

రాళ్లూ గరుసూ కలిసిన ఎర్రనేలల్లో ట్రాగస్ అనే చిన్న గడ్డి ఉంటుంది. అదీ బట్టలకు అంటుకుంటుంది. దాని కాయలు మరీ చిన్నవి, కొక్కేలు గింజను కప్పే పొర వీపు మీద వరుసలుగా ఉంటాయి, ముళ్ల తొడుగు ఉండదు.