జైలు ములాఖత్: నియమాలు, పునరావాసం

జైలు అనగానే మనకు ఎత్తైన గోడ, ఇనుప తలుపు గుర్తుకు వస్తాయి. ఆ తలుపు బయట ఉదయం నుంచి వరుసలో నిలబడే మనుషులు అంతగా గుర్తుకు రారు. వారి చేతిలో ఒక సంచి ఉంటుంది, గుర్తింపు కార్డు ఉంటుంది, కొందరి చంకలో బిడ్డ కూడా ఉంటుంది. లోపల ఉన్న తమవారిని కొద్ది నిమిషాలు చూసి పోవడానికి వచ్చినవారు వీరు. ఇలా కలుసుకోవడాన్నే జైలు భాషలో ములాఖత్ అంటారు. దీనికి ఇన్ని నియమాలు ఎందుకు? ఖైదీని మళ్ళీ సమాజంలో నిలబెట్టే ప్రయత్నానికీ ఈ కొద్ది నిమిషాలకూ సంబంధం ఏమిటి? ఈ రెండు ప్రశ్నలను ఇప్పుడు పరిశీలిద్దాం.

లోపల ఉన్నది ఎవరు?

ముందుగా కొన్ని లెక్కలు చూడండి. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం 2022 డిసెంబరు 31 నాటికి దేశంలోని 1,330 జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. ఆ జైళ్ళలో ఉన్న చోటు 4,36,266 మందికే. అంటే వందమందికి కట్టిన చోట సగటున 131 మంది ఉన్నారన్నమాట. అంతకంటే ముఖ్యమైన లెక్క మరొకటి ఉంది. మొత్తం ఖైదీలలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నలుగురిలో ముగ్గురిపై నేరం ఇంకా రుజువు కాలేదు.

వృత్తి శిక్షణ, వర్క్‌షాపులో పని, దానికి కూలి, ఓపెన్ ఎయిర్ జైలు వంటి ఏర్పాట్లు చాలావరకు శిక్ష పడిన ఖైదీల కోసం రూపొందినవి. ఎన్నేళ్ళు ఉంటాడో తెలిస్తేనే ఎవరికైనా ఏం నేర్పాలో నిర్ణయించగలం. విచారణ ఖైదీ రేపు బెయిలుపై వెళ్ళవచ్చు, మూడేళ్ళు ఉండిపోనూ వచ్చు. కాబట్టి ఎక్కువమంది ఖైదీలకు పునరావాసం పేరుతో అందేది ఏదైనా ఉందంటే అది ములాఖత్ ఒక్కటే. ఈ పాఠంలో మీరు ప్రధానంగా గుర్తుంచుకోవలసిన విషయం ఇదే.

నియమాలు ఏం చెబుతాయి?

రాజ్యాంగం ప్రకారం జైళ్ళు రాష్ట్రాల పరిధిలోని అంశం. అందుచేత వారానికి ఎన్నిసార్లు, ఎంతసేపు, ఎంతమంది కలవవచ్చు అన్నది ఒక్కో రాష్ట్రంలో ఒక్కో విధంగా ఉంటుంది. అయితే చాలా రాష్ట్రాల నియమాలకు మూలం 1894 నాటి జైళ్ళ చట్టమే. కేంద్ర ప్రభుత్వం 2016లో నమూనా జైలు మాన్యువల్‌ను, 2023లో నమూనా చట్టాన్ని తయారుచేసి రాష్ట్రాలకు పంపింది.

1894 చట్టంలోని 40వ సెక్షన్ ప్రకారం విచారణ ఖైదీ తన న్యాయవాదిని, వీలైనంతవరకు, మూడో వ్యక్తి లేకుండా కలుసుకోవచ్చు. 41వ సెక్షన్ సందర్శకుల సోదా గురించి చెబుతుంది. జైలరు మీ పేరు, చిరునామా అడగవచ్చు, అనుమానం ఉంటే సోదా చేయించవచ్చు. కాని ఆ సోదా ఖైదీల ఎదుట గాని, ఇతర సందర్శకుల ఎదుట గాని జరగకూడదు. సోదాకు ఒప్పుకోకపోతే లోపలికి పంపకపోవచ్చు. అప్పుడు ఆ కారణాన్ని రికార్డులో రాయాలి. పరాయి పాలకులు చేసిన చట్టంలో కూడా సందర్శకుల మర్యాదకు చోటు ఉందని గమనించండి.

సోదా అవసరమే. మత్తుమందులు, సెల్‌ఫోన్లు, బ్లేడ్లు లోపలికి చేరితే దెబ్బతినేది ముందుగా తోటి ఖైదీలే. అయితే భద్రత పేరుతో కలయికనే అసాధ్యం చేయవచ్చా? ఈ ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది.

1981 నాటి ఫ్రాన్సిస్ కోరలీ ముల్లిన్ కేసులో నిర్బంధంలో ఉన్న ఒక తల్లికి, ఐదేళ్ళ కూతురిని నెలకు ఒక్కసారి మాత్రమే చూసే అవకాశం ఉండేది. విచారణ ఖైదీలకు వారానికి రెండుసార్లు ఉన్న సౌకర్యం, ఏ నేరారోపణపైనా విచారణ లేకుండా నిర్బంధంలో ఉన్నవారికి లేకపోవడం అన్యాయమని కోర్టు తీర్పు చెప్పింది. వారికీ వారానికి కనీసం రెండుసార్లు అనుమతించాలని ఆదేశించింది. కుటుంబాన్ని కలుసుకోవడం 21వ అధికరణ కింద ఉన్న జీవించే హక్కులో భాగమని ఈ తీర్పు స్పష్టం చేసింది. అంటే ములాఖత్ అధికారి దయతో దొరికేది కాదు.

జాలీకి అటూ ఇటూ

నియమం కాగితంపై బాగానే ఉండవచ్చు. గది ఎలా ఉందో కూడా చూడాలి. పాత జైళ్ళలో ఖైదీకీ సందర్శకుడికీ మధ్య రెండు వరుసల ఇనుప జాలీ ఉండేది. ఒకేసారి ఇరవై కుటుంబాలు మాట్లాడుతుంటే ఏం జరుగుతుంది? చుట్టూ శబ్దం పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. దీనిని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గుర్తించిన ఫ్రెంచి వైద్యుడి పేరుతో లాంబార్డ్ ప్రభావం అంటారు. ఒకరు గొంతు పెంచితే పక్కవారు ఇంకా పెంచుతారు. చివరికి అందరూ అరుస్తారు, ఎవరి మాటా ఎవరికీ వినబడదు. బిడ్డ జ్వరం గురించి, అమ్మిన పొలం గురించి, లాయరు ఫీజు గురించి అరిచి చెప్పుకోవలసి వస్తుంది.

అద్దానికి రెండువైపులా ఇంటర్‌కం పెడితే ఈ ఇబ్బంది చాలావరకు పోతుంది. వస్తువులు చేతులు మారే ప్రమాదం కూడా తగ్గుతుంది. 2020లో కోవిడ్ వల్ల ములాఖత్‌లు ఆగినప్పుడు వీడియో ద్వారా జరిగే ఈ-ములాఖత్ విస్తరించింది. దూరప్రయాణం చేయలేని వృద్ధులకు ఇది ఎంతో మేలు. కాని తెర మీద తండ్రిని చూసిన బిడ్డకు ఆ తండ్రి చేయి అందదు. అందుచేత వీడియోను ముఖాముఖి కలయికకు తోడుగా చూడాలి, బదులుగా కాదు.

ఆధారాలు ఏమంటున్నాయి?

ఎవరైనా వచ్చి కలిసిపోతే ఖైదీ మారతాడా? దీన్ని కొలవడానికి ప్రయత్నాలు జరిగాయి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్ర జైళ్ళ శాఖ, 2003 నుంచి 2007 వరకు విడుదలైన 16,420 మందిని పరిశీలించి 2011లో నివేదిక వెలువరించింది. సందర్శకులు వచ్చినవారిలో మళ్ళీ తీవ్ర నేరానికి శిక్షపడే ప్రమాదం 13 శాతం తక్కువగా కనిపించింది. ఇక్కడ జాగ్రత్త అవసరం. అండగా నిలిచే కుటుంబం ఉన్నవారికే సందర్శకులు వస్తారు. మేలు చేసింది కలయికా, ఆ కుటుంబమా? పరిశోధకులు ఇతర తేడాలను లెక్కలోకి తీసుకున్నా ఈ సందేహం పూర్తిగా తీరదు. అయినా ఫలితం ఒకే దిశను చూపుతోంది.

చదువు విషయం కూడా చూద్దాం. 2013లో రాండ్ సంస్థ అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించింది. జైలులో చదువుకున్నవారు మళ్ళీ నేరం వైపు వెళ్ళే అవకాశాల నిష్పత్తి 43 శాతం తక్కువని తేల్చింది. ఈ అంకెను చూసి వందలో 43 మంది మారారని అనుకోకండి. మనుషుల లెక్కలో చెబితే, ప్రతి వందమందిలో సుమారు 13 మంది తక్కువగా జైలుకు తిరిగి వస్తారని ఆ సంస్థ అంచనా. ఆ 13 మంది వెనుక 13 కుటుంబాలు ఉన్నాయి. వారి చేతిలో నష్టపోకుండా మిగిలిన మరికొందరు కూడా ఉన్నారు.

మన దేశంలో పునరావాసం

ఢిల్లీలోని తీహార్ జైలులో 1994 ఏప్రిల్‌లో వెయ్యిమందికి పైగా ఖైదీలు ఒకేసారి విపశ్యన ధ్యాన శిక్షణ పొందారు. అక్కడ ఖైదీలు చేసే వస్తువులు టీజేస్ పేరుతో బయట అమ్ముడవుతాయి. హైదరాబాదులో చంచల్‌గూడ జైలు పక్కన ఖైదీలు పనిచేసే పెట్రోలు బంకు ఉంది. చర్లపల్లిలో ఖైదీల వ్యవసాయ క్షేత్రం, అనంతపురం జిల్లాలో ఓపెన్ ఎయిర్ జైలు ఉన్నాయి. రాజస్థాన్‌లో 1963లో ఏర్పడిన సాంగానేర్ బహిరంగ జైలు మరో అడుగు ముందుకు వేసింది. అక్కడ ఖైదీలు భార్యాబిడ్డలతో కలిసి ఉంటూ, పగలు బయటకు వెళ్ళి సంపాదించుకుంటారు. అక్కడ ములాఖత్ గది అవసరమే రాదు.

పని చేయించుకుంటే న్యాయమైన కూలి ఇవ్వాలని, అందులో కొంత భాగం బాధితులకు చేరే ఏర్పాటు ఉండాలని 1998లో సుప్రీంకోర్టు చెప్పింది. జైళ్ళలో కులాన్ని బట్టి వంటపని, పాకీపని పంచే నియమాలు రాజ్యాంగ విరుద్ధమని 2024 అక్టోబరు 3న తీర్పు ఇచ్చింది. పుట్టుకను బట్టి చీపురు చేతికిచ్చే చోట పునరావాసం అన్న మాటకు అర్థం ఉండదు.

తల్లితో పాటు లోపల ఉండే పిల్లల సంగతి వేరే చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న ఆర్.డి. ఉపాధ్యాయ కేసులో 2006లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. ఆరేళ్ళలోపు పిల్లలు తల్లి దగ్గర ఉండవచ్చు. వారికి శిశు సంరక్షణ కేంద్రం, నర్సరీ ఉండాలి. లోపల పుట్టిన బిడ్డ జనన ధ్రువపత్రంలో జన్మస్థలంగా జైలు పేరు రాయకూడదు. ఆరేళ్ళు నిండి బయటకు వెళ్ళిన ఆ బిడ్డకు తల్లిని మళ్ళీ చూపించేది ములాఖత్ గదే.

మీరు చేయగలిగినది

మీకు తెలిసినవారు ఎవరైనా జైలులో ఉంటే ముందుగా ములాఖత్ రోజులు, వేళలు, కావలసిన గుర్తింపు పత్రాలు ఆ జైలు కార్యాలయంలో తెలుసుకోండి. న్యాయవాదిని పెట్టుకోలేని ఖైదీకి 1987 న్యాయసేవల చట్టం కింద ఉచిత సహాయం దొరుకుతుంది. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న కొత్త చట్టంలోని 479వ సెక్షన్ కూడా తెలుసుకోండి. గతంలో ఏ నేరానికీ దోషిగా తేలని వ్యక్తి, తనపై ఆరోపించిన నేరానికి గరిష్ఠ శిక్షాకాలంలో మూడోవంతు విచారణ ఖైదీగా గడిపితే విడుదలకు అర్హుడు. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడగల నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించిన కేసులు పెండింగులో ఉన్నా వర్తించదు. లోపల ఉన్నవారికి ఈ సమాచారం చాలాసార్లు ములాఖత్‌కు వచ్చినవారి నోటి ద్వారానే చేరుతుంది.

లోపల ఉన్నవారిలో చాలామంది ఏదో ఒకరోజు బయటకు వస్తారు. ఆ రోజు ఎవరి ఇంటికి వెళ్ళాలో తెలిసిన మనిషికీ, తెలియని మనిషికీ ఎంతో తేడా ఉంటుంది. ఆ ఇంటి దారి మూసుకుపోకుండా చూసేవే మంచి ములాఖత్ నియమాలు.