సాగదీతకు లొంగే స్ఫటికం

జనగామ పత్తి, మహబూబాబాద్ మిర్చి, భూపాలపల్లి బొగ్గు, సరుకు ఏదైనా లారీ వేబ్రిడ్జి ఎక్కాల్సిందే. ఆ కాటా కింది లోడ్‌సెల్‌లో ఉక్కు దిమ్మెకు అంటించిన సన్నని లోహపు పట్టీయే స్ట్రెయిన్ గేజ్. బరువు పడితే ఉక్కు మహా అయితే వెయ్యిలో ఒక వంతు అటూ ఇటూ రూపు మారుతుంది, దాంతోపాటు పట్టీ నిరోధమూ మారుతుంది. తూకం చీటీ మీద అంకెగా పడేది ఆ మార్పే. లోహపు తీగను లాగితే నిరోధం మారుతుందని కెల్విన్ 1856లోనే చూపాడు. 1938లో అమెరికాలో సిమన్స్, రూజ్ విడివిడిగా గేజ్ తయారుచేశారు. లోహంలో ఈ మార్పు చాలావరకు తీగ పొడవు, మందం మారడం వల్లే. 1954లో చార్లెస్ స్మిత్ సిలికాన్, జెర్మేనియంలను పరీక్షిస్తే మార్పు పదుల రెట్లు ఎక్కువ వచ్చింది, ఎందుకంటే అక్కడ ఎలక్ట్రాన్ల శక్తి స్థాయిలే కదులుతాయి. ఈ కథకు అసలు మలుపు అదే. అంతవరకు కొలవాల్సిన రాశిగా ఉన్న సాగదీత, పదార్థాన్ని నడిపే మీటగా మారే దారి అక్కడ తెరుచుకుంది.

ఆ మీటకు తగిన యంత్రాన్ని 2014లో క్లిఫర్డ్ హిక్స్ బృందం వర్ణించింది. వోల్టేజి ఇస్తే పొడవు మారే పీజో దిమ్మెలు మూడు అందులో ఉంటాయి. అంచుల్లోవి పెరిగితే నమూనా సాగుతుంది, నడిమిది పెరిగితే నలుగుతుంది. చల్లబరిచినప్పుడు మూడూ ఒకేలా మారతాయి కనుక ఆ ప్రభావం నమూనాకు సోకదు. ఈ ఏర్పాటు నాకు మిగతా అన్నిటికన్నా ముచ్చటగా అనిపిస్తుంది. ఇలా నలిపితే స్ట్రాంషియం రుథినేట్ అతివాహక ఉష్ణోగ్రత 1.5 నుంచి 3.4 కెల్విన్‌కు పెరిగింది. రసాయనం కలిపితే మలినం చేరుతుంది, తిరిగి తీయలేం. సాగదీతను వదిలేస్తే స్ఫటికం యథాస్థితికి వస్తుంది.

ఇంత చిన్న మార్పుతో ఇంత ఫలితమా అని అడగవచ్చు. పదార్థంలో సాధ్యమైన రెండు క్రమాల శక్తి దాదాపు సమానమైనచోట చిన్న తోపే తీర్పు చెబుతుంది. 2022లో సియాటిల్ పరిశోధకులు పలుచని క్రోమియం సల్ఫర్ బ్రోమైడ్‌ను లాగి, పొరల మధ్య ఎదురెదురుగా ఉన్న అయస్కాంతత్వాన్ని ఒకే దిశకు తిప్పారు, వదిలితే మళ్లీ పాత స్థితి. పైగా పలుచని పొరలు మందపాటి స్ఫటికంలా త్వరగా పగలవు. ఒక్క పొర మాలిబ్డినం డైసల్ఫైడ్ పది శాతం దాకా తట్టుకుంటుంది.

నమూనాను యంత్రానికి అంటించిన జిగురు జారితే లెక్క తప్పుతుందన్నది బలమైన అభ్యంతరం. అందుకే యంత్రం ఎంత కదిలిందని కాక, నమూనా నుంచి చెదిరిన లేజర్ కాంతి రంగు ఎంత జరిగిందని చూసి సాగదీతను లెక్కిస్తారు. క్రోమియం సల్ఫర్ బ్రోమైడ్‌లోని అయస్కాంత క్రమం 132 కెల్విన్ దాటితే నిలవదన్నదీ నిజమే, బజారుకు ఇది పనికిరాదు. కానీ స్మిత్ ఫలితం తర్వాత, సాగదీసిన సిలికాన్ ఇంటెల్ 90 నానోమీటర్ చిప్పుల్లోకి రావడానికీ దాదాపు 50 ఏళ్లు పట్టింది.