కరెంటు బండికీ వంతు ఉండాలి

వంతు అంటే ఏమిటో పల్నాడు రైతుకు ఎవరూ చెప్పనక్కర లేదు. 1967లో నాగార్జున సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ కింద పల్నాడు భూములు తడిశాయి. కానీ పై రైతు తూము మూయకపోతే కింది రైతు చేను ఎండుతుంది. కాలువలో నీళ్లు లేక కాదు. వంతు తప్పినందుకు.

ఇప్పుడు అలాంటి తగాదానే మరోచోట మొదలవుతోంది. పొలంలో కాదు, ఆఫీసు ముందు బళ్లు నిలిపే చోట. నీళ్ల కోసం కాదు, కరెంటు కోసం.

కరెంటు బండి అంటే?

ఈ బండికి పెట్రోలు అక్కరలేదు. లోపల పెద్ద బ్యాటరీ ఉంటుంది. సెల్‌ఫోనుకు పెట్టినట్టే దీనికీ చార్జింగ్ పెట్టాలి. ఇలాంటి బళ్లను పెంచడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో ఒక విధానం ప్రకటించింది. 2024లో కొత్త విధానం తెచ్చింది.

రాత్రిపూట ఇంట్లోనే చార్జింగ్ పెట్టుకోవచ్చు కదా? సొంతిల్లు ఉన్నవారికి అది వీలవుతుంది. మేడమీద వాటాలో అద్దెకుండే వారికి కింద ప్లగ్గు ఉండదు. దూరం నుంచి వచ్చే వారికి తిరిగి వెళ్లడానికి చార్జి చాలకపోవచ్చు. పైగా పగలంతా బండి ఆఫీసు దగ్గరే ఊరికే నిలబడి ఉంటుంది. అందుకే అక్కడ ప్లగ్గు కావాలంటారు.

తగాదా ఎలా వస్తుంది?

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడింది. నరసరావుపేట జిల్లా కేంద్రం అయింది. అక్కడ ఒక ఆఫీసు ఉందనుకోండి. మాచర్ల, పిడుగురాళ్ల, వినుకొండ, సత్తెనపల్లి నుంచి నాలుగు కరెంటు కార్లు వస్తాయి. ప్లగ్గులు మాత్రం రెండే.

పదింటికి ముందుగా వచ్చింది సత్తెనపల్లి కారు. ప్లగ్గు పెట్టారు. పన్నెండు కాకముందే బ్యాటరీ నిండింది. కారు మాత్రం కదలలేదు.

"సార్, మీ కారు నిండింది. కాస్త పక్కకు తీస్తారా?" అన్నాడు అటెండరు.

"మీటింగులో ఉన్నానయ్యా. తర్వాత చూద్దాం."

ఆ తర్వాత సాయంత్రం అయిదయింది. మాచర్ల కారుకు వంతే రాలేదు. ఇంటికి వెళ్లాలంటే సుమారు 80 కిలోమీటర్లు పోవాలి. గురజాల దాటాక చీకట్లో బండి ఆగిపోతే ఎవరిని పిలవాలి?

స్కూటర్ల వారి గోడు ఇంకొకటి. వారిలో అటెండరు ఉంటాడు, ఊడ్చే ఆమె ఉంటుంది. ఆఫీసరు కారును తీయమని వారు గట్టిగా అడగగలరా? అడగలేక కిటికీలోంచి వైరు లాగుతారు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

అందరూ ఒకేసారి పెడితే?

రైతుకు తెలిసిన సంగతే ఇది. పొలానికి కరెంటు వస్తుంది. ఆటో స్టార్టర్లు ఉంటే మోటార్లన్నీ ఒక్కసారే తిరగడం మొదలుపెడతాయి. ట్రాన్స్‌ఫార్మరు మీద బరువు పడుతుంది. ఫీజు పోతుంది, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది.

కారు కూడా మోటారు లాంటిదే. మామూలు పెద్ద ప్లగ్గులో పెడితే కారు సుమారు 3 కిలోవాట్లు లాగుతుంది. అంటే నాలుగు హార్స్ పవరు మోటారు తిప్పినంత. గోడకు బిగించే వేగపు చార్జరైతే 7 కిలోవాట్ల దాకా లాగుతుంది. అది దాదాపు పది హార్స్ పవరు మోటారు. స్కూటరుకు ఒక కిలోవాటు కూడా అక్కరలేదు.

నాలుగు కార్లూ ఒకేసారి పెడితే 12 కిలోవాట్లు. వంతు ప్రకారం రెండు రెండు పెడితే 6 కిలోవాట్లే. భారం సగానికి సగం తగ్గింది. కొత్త తీగలు లాగే ఖర్చు కూడా తగ్గుతుంది.

ఎవరికి ఎంత కావాలి?

చాలామంది బ్యాటరీ నిండేదాకా ప్లగ్గు తీయరు. నిజానికి నిండా అక్కర లేదు. ఇల్లు చేరేంత ఉంటే చాలు. కాబట్టి కిలోమీటర్లు లెక్క వేయాలి.

ఒక కిలోవాటు ఒక గంట వాడితే అది ఒక యూనిటు. ఒక యూనిటుతో కారు ఆరేడు కిలోమీటర్లు పోతుంది. స్కూటరైతే ముప్పై దాకా పోతుంది. పెద్ద ప్లగ్గు గంటకు 3 యూనిట్లు ఇస్తుంది. ఇప్పుడు లెక్క చూడండి.

మాచర్ల కారుకు 13 యూనిట్లు కావాలి. నాలుగున్నర గంటలు పడుతుంది.

పిడుగురాళ్ల కారుకు, వినుకొండ కారుకు రెండున్నర గంటల చొప్పున చాలు.

సత్తెనపల్లి కారుకు గంటన్నర చాలు.

మొత్తం 11 గంటలు. పది నుంచి అయిదు దాకా రెండు ప్లగ్గులకు 14 గంటలు ఉన్నాయి. అంటే ఇంకా మిగిలింది!

మొదటి ప్లగ్గులో పది నుంచి రెండున్నర దాకా మాచర్ల కారు. నాలుగు దాకా సత్తెనపల్లి కారు. రెండో ప్లగ్గులో పన్నెండున్నర దాకా పిడుగురాళ్ల, తర్వాత మూడింటి దాకా వినుకొండ. తగాదా లేదు. రెండు ప్లగ్గులూ అలాగే ఉన్నాయి. మారింది వంతు ఒక్కటే.

స్కూటరుకు ఒక యూనిటు చాలు. గంటన్నర పడుతుంది. వాటికి చిన్న ప్లగ్గులు విడిగా పెట్టాలి. కార్ల వరుసలో స్కూటరును నిలబెట్టకూడదు.

లస్కరు ఎవరు?

కాలువకు లస్కరు ఉంటాడు. తూము తీయడం, మూయడం అతని పని. ప్లగ్గుల దగ్గర కూడా అలాంటి మనిషి ఒకరు ఉండాలి. ఒక నోటు పుస్తకం చాలు. బండి నెంబరు, పెట్టిన టైము, తీసిన టైము, మీటరు అంకె రాయాలి. చదువు నేర్చుకున్న వాచ్‌మన్ ఈ పని చక్కగా చేయగలడు. అయితే అతని మాట ఆఫీసరు కూడా వినాలి. "నీ వంతు అయింది సార్" అంటే కారు తీయాలి. అలాగని ఆఫీసు అంతా కలిసి ముందే తీర్మానం చేసుకోవాలి.

హైదరాబాదు లాంటి పెద్ద ఊళ్లలో దొరికే కొన్ని చార్జర్లు ఈ పని తామే చేస్తాయి. నాలుగు బళ్లు తగిలిస్తే కరెంటును నాలుగు పాళ్లు చేస్తాయి. ఒకటి నిండితే దాని పాలు మిగతా వాటికి ఇస్తాయి. యంత్రం చేసినా మనిషి చేసినా సూత్రం ఒక్కటే.

బిల్లు ఎవరు కట్టాలి?

ఆఫీసు కరెంటు ఊరికే రాదు. సర్కారు ఆఫీసైతే అది ప్రజల సొమ్ము. సొంత బండికి వాడుకున్నవారే కట్టాలి. ప్లగ్గుకు చిన్న మీటరు పెడితే లెక్క తేలుతుంది. యూనిటు 8 రూపాయలు అనుకుంటే మాచర్ల కారుకు 104 రూపాయలు, స్కూటరుకు 8 రూపాయలు. అందరి మీదా సమానంగా వేస్తే స్కూటరు ఆమె కారు బిల్లు కట్టినట్టవుతుంది.

బళ్లకు చార్జింగ్ పెట్టడం కరెంటు అమ్మకం కిందికి రాదని, లైసెన్సు అక్కర లేదని కేంద్రం 2018లోనే చెప్పింది. 2024 సెప్టెంబరులో ఇచ్చిన సూచనల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా ఎండ వేళగా లెక్కించింది. అప్పుడు సౌర విద్యుత్తు ఎక్కువగా వస్తుంది. ఆ వేళ చార్జింగ్ కేంద్రాలకు కరెంటు చవకగా ఇవ్వాలని చెప్పింది. ఆఫీసు బళ్లు నిలబడి ఉండేది సరిగ్గా ఆ వేళలోనే.

ప్రాణం ముందు

2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాదులో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలాయి. మనుషులు చనిపోయారు. ఆ తర్వాత కేంద్రం బ్యాటరీల నిబంధనలు గట్టి చేసింది. 2022 డిసెంబరు నుంచి అవి అమలులోకి వచ్చాయి. అయినా మన జాగ్రత్త మనకు ఉండాలి.

కిటికీలోంచి వైరు లాగకూడదు. ఒక బోర్డుకు నాలుగు బళ్లు తగిలించకూడదు.

ఎర్తింగ్ ఉన్న ప్లగ్గే వాడాలి. బండితో వచ్చిన చార్జరే వాడాలి.

రెంటచింతల ఎండ సంగతి అందరికీ తెలుసు. ఎండలో నడిచి వచ్చిన బండికి వెంటనే చార్జింగ్ పెట్టకూడదు. అరగంట నీడలో ఆరనివ్వాలి. చార్జింగ్ చోట రేకులో, తాటాకు పందిరో కాదు, మంట అంటుకోని పక్కా నీడ ఉండాలి. మెట్ల కింద, దారికి అడ్డంగా పెట్టకూడదు.

ప్లగ్గులు పెట్టే ముందు సీపీడీసీఎల్ కరెంటు ఆఫీసులో అడగాలి. ఆఫీసుకు మంజూరైన లోడు ఎంత, ఇంకా ఎంత మిగిలింది అని తెలుసుకోవాలి. చాలకపోతే అదనపు లోడుకు దరఖాస్తు పెట్టాలి. సరఫరాలో ఇబ్బంది వస్తే 1912కు ఫోను చేయాలి.

కాలువ చివరి చేనుకు నీళ్లు అందితేనే ఆ కాలువ అందరిదీ అంటారు. ఆఫీసు ప్లగ్గు కూడా అంతే. ఊడ్చే ఆమె స్కూటరుకు వంతు వచ్చిన రోజే ఆ ప్లగ్గు అందరిదీ అవుతుంది.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊరి నుంచి మండల కేంద్రానికి ఎంత దూరం? కారుకు ఎన్ని యూనిట్లు కావాలి? స్కూటరుకు ఎన్ని?

2. ముందొచ్చిన వారికే ప్లగ్గు అంటే ఎవరికి నష్టం?

3. మీ ఊళ్లో వంతు ప్రకారం వాడుకునేవి ఇంకా ఏమేమి ఉన్నాయి? వాటి లెక్క ఎవరు రాస్తారు?